శూన్యాంశ దోషం

అంకీసా బడిలో ఏప్రిల్ ఆఖరి వారం.
ఫ్యాను తిరుగుతుంది, గాలి తిరగదు.
ఇక్కడ నల్లబల్లను ఫళా అంటరు.
దాని మీద ‘కార్య’ అని రాసిన, మరాఠీలో.
వెనక బెంచీ కిసుక్కుమన్నది.
వీళ్ల ఇండ్లల్ల కార్యమంటే
పెళ్లిపందిరి, లేకుంటే పదకొండో దినం.
“అది కాదురా, పని” అన్న తెలుగులో.
“బలం ఒక దిక్కు, నడక ఇంకో దిక్కు,
నడుమ కోణం తొంభై అయితే
ఎంత దూరం మోసినా
పని సున్న.”
సుద్దముక్కతో ఆ సున్నను రెండుసార్లు తిప్పి దిద్దిన.

సారిక దుర్గం లేచి నిలబడ్డది
చున్నీ కొస వేలికి చుట్టుకుంట.
“సార్, మా అవ్వ తునికాకు మూట
అడివి నుంచి కల్లం దాకా నెత్తిన తెస్తది.
బాట సాపుగనే ఉంటది.”
జరసేపాగి,
“ఈ మాట కల్లం మున్షీకి మాత్రం చెప్పకుండ్రి.”

అందరితో పాటు నేనూ నవ్విన.
ఆ నవ్వు రాత్రికి అరగలేదు.

ఆదివారం చీకటితోనే వాళ్ల వెంట పోయిన.
సంచిలో బడి టేపు, గడియారం,
ప్రయోగశాల బీరువాలోంచి తుప్పు పట్టిన స్ప్రింగు కాటా.
కొక్కేనికి ఏమీ తగిలించకముందే
పోచుబాయి ముల్లు దిక్కు చూసి
“సారూ, వట్టిగున్నా కిలో చూపుతాంది” అన్నది.
ఏటా జూన్‌లో నేను చెప్పే మొదటి పాఠం అదే:
కొలిచే ముందు సున్న ఎక్కడున్నదో చూసుకో.
శూన్యాంశ దోషం. రెండు మార్కుల ప్రశ్న.

మూట ఇరవై మూడు. కిలో తీసేస్తే ఇరవై రెండు.
ఆమె చుట్టబట్ట అడిగి
నా నెత్తికి ఎత్తించుకున్న.

మెడలో ఏడు పూసలు, పుస్తకంలో రంగుబొమ్మ.
హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే పలికింది.
నేను కదులుదామంటే మూట రానన్నది,
ఆగుదామంటే ఆగనన్నది.
జడత్వం, జడత్వం అని పందొమ్మిదేండ్లు చెప్పిన,
దాని మొఖం చూసింది ఆ పొద్దే.

సారిక టేపు పట్టుకొని పక్కనే నడిచింది.
“మీ నెత్తి అడుగడుగుకు నాలుగేళ్లు లేస్తాంది సార్,
అవ్వది వేలెడు గూడ లేవది.”
లేచేటప్పుడు ఒళ్లు కట్టిన పైకం
దిగేటప్పుడు తిరిగి రాదు.
ఊరికే నిలబడ్డా అంతే,
కండలో పోగులు పట్టుకుంటై, వదుల్తై, మళ్లా పట్టుకుంటై,
తాడు గుంజే జట్టు లెక్క.
తాడు జానెడు జరగకున్నా
వీపులు తడిసిపోతుంటై.
సూత్రానికి మూట తెలుసు, బాట తెలుసు.
మోసే మనిషి లోపల ఏం కాలుతుందో
దానికి అడగాలని తోచలేదు.

మద్దిచెట్టు కింద నాడి చూసుకున్న, నూట ముప్పై ఆరు.
పోచుబాయి గాజులు వెనక్కి తోసి
మొఖం పక్కకు తిప్పి చెయ్యి ఇచ్చింది. తొంభై ఒకటి.
“ఎట్ల నడుస్తవు?”
“నెత్తి మీద మూట కాదు, నీళ్లగిన్నె అనుకోవాలె.
మోకాళ్లు జర మెత్తగ ఉంచాలె.
ముందుగాల ఆ బూట్లు తీసెయ్యి సారూ,
నేల సంగతి కాలుకు తెలవాలె.”

కల్లంలో మున్షీ కట్టలు లెక్కపెట్టిండు,
బరువు కాదు, దూరం కాదు.
వందకు నాలుగు ఆకు చెడిందని పక్కకేసిండు.
అతని సున్న గూడ ఎక్కడో జరిగే ఉన్నది.
నేను సంచిలోంచి కాటా తీయలేదు.

సోమవారం మెడ తిరగలేదు.
పరీక్షలో అడిగితే సున్ననే రాయుండ్రి,
మార్కు పోగొట్టుకోకుండ్రి అన్న.
సారిక వహీలో రాసుకున్నది.
ఫళా కింది సగంలోనే పాఠం నడిపిన.
పోయిన వారం సున్న
పైన మూలకు అట్లనే ఉన్నది.
తుడుద్దామంటే
చెయ్యి అంత ఎత్తు పోలేదు.